నెవిల్ తన కడుపు చూసుకున్న రోజు

ఇంగ్లండు సముద్రతీరంలోని విట్బీ ఊళ్లో నెవిల్ వెరిల్ దగ్గర కారు నేర్చుకున్నవాళ్లకి ఇంకో విద్య ఉచితంగా అబ్బేది. రేవు దగ్గరి టాయిలెట్లు ఎన్నింటికి తెరుస్తారో, ఏ సూపర్‌మార్కెట్‌లో లోపలిదాకా నడవకుండా తలుపు పక్కనే దొరుకుతుందో, ఏ పెట్రోలు బంకువాడు తాళంచెవి ఇవ్వడానికి సణుగుతాడో వాళ్లకి కంఠతా వచ్చేసేది. బండి వెనక్కి తిప్పడం నేర్పాలన్నా, రెండు కార్ల మధ్య ఇరికించడం నేర్పాలన్నా నెవిల్ సరిగ్గా ఆ చోట్లే ఎంచుకునేవాడు. "ఇక్కడ ఇరుకు బాగుంటుంది తల్లీ, చెయ్యి తిరుగుతుంది," అనేవాడు. నేర్చుకునే పిల్ల చెమటలు కక్కుతూ స్టీరింగు తిప్పుతుంటే "ఒక్క నిమిషం" అని దిగి మాయమయ్యేవాడు.

అతనికి యాభై నాలుగేళ్లు. రెండున్నరేళ్లుగా కడుపు అతని మాట వినడం మానేసింది. రమ్మన్నప్పుడు రాదు, వద్దన్నప్పుడు ఆగదు. కారు డిక్కీలో 'వాన బట్టలు' అని రాసిన సంచీలో ఒక జత ప్యాంట్లు ఎప్పుడూ ఉండేవి. పొద్దుటి పాఠాలు మానేశాడు, పొద్దున్నే గండం ఎక్కువ కాబట్టి. గురువారం సాయంత్రాలు పబ్బులో స్నేహితులతో గోడ మీది పలకకి చిన్న బాణాలు విసిరే ఆట మానేశాడు. లీడ్స్‌లో మేనకోడలి పెళ్లికి కారు పాడైందని చెప్పి ఎగ్గొట్టాడు. కారు నేర్పి బతికేవాడికి కారు పాడైందంటే ఎవరు నమ్ముతారు? చెల్లెలు నమ్మలేదు, అప్పట్నుంచి మాటలు లేవు. అయినా నెవిల్ నోరు విప్పలేదు. ఎలా ఉన్నావని ఎవరడిగినా "బాగానే ఉన్నా" అనడం ఆ ఊరి మర్యాద. శవపేటికలో పడుకోబెట్టి అడిగినా సగం మంది అదే జవాబు చెబుతారు.

కానీ నెవిల్ మౌనం వెనక మర్యాద ఒక్కటే లేదు, ఒక లెక్క కూడా ఉంది. మొదటిసారి రక్తం కనిపించిన వారం అతను భయపడి వైద్య బీమా కొన్నాడు. బావమరిది ప్రభుత్వ ఆసుపత్రిలో తుంటి మార్పిడికి పదకొండు నెలలు కాచుకోవడం చూశాడు. బీమా ఉన్న పక్కింటి క్లైవ్‌ని తొమ్మిదో రోజునే పిలవడమూ చూశాడు. బీమావాళ్లు చేరేటప్పుడు ఒంట్లో ఏముందని అడగలేదు, షరతు మాత్రం ఒకటి పెట్టారు. చేరకముందు ఐదేళ్లలో ఉన్న జబ్బేదీ వాళ్ల లెక్కలోకి రాదు, దానికి డబ్బు కట్టరు. చేరాక రెండేళ్లపాటు ఆ జబ్బు లక్షణాలు గానీ, దానికి మందు గానీ, డాక్టరు సలహా గానీ లేకుండా గడిస్తే మాత్రం అదీ లెక్కలోకి వస్తుంది. నెవిల్ ఈ వాక్యాన్ని చదివి అందులో తనకి కావలసిన ముక్క ఒక్కటే తీసుకున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్లకూడదు, అంతే కదా. ఎవరికీ చెప్పకపోతే లేనట్టే కదా.

అలా కారులోని డైరీలో నెలకొక టిక్కు పెట్టుకుంటూ ఇరవై నెలలు బిగబట్టుకు కూర్చున్నాడు. అబద్ధమాడి ఉంటే ఇంత తిప్పలే లేదు. మొన్ననే మొదలైందని ఒక్క మాట అంటే అయిపోయేది, కాదనడానికి ఏ డాక్టరు దగ్గరా చీటీ ముక్క లేదు. కానీ నెవిల్ జన్మలో అబద్ధమాడి ఎరగడు, ఆ పెళ్లి నాటిది తప్ప. చెప్పకపోవడం అబద్ధం కిందకి రాదని అతని నమ్మకం. ఇంత నిజాయితీగా తన్ను తాను చంపుకుంటున్న మనిషిని ఏమనాలో నాకు తెలియదు.

ఈలోగా ప్రభుత్వం వాళ్లు యాభై దాటినవాళ్లందరికీ పంపే కవరు అతనికీ వచ్చింది. లోపల బొటనవేలంత సీసా, మూతకి ఒక పుల్ల. ఆ పుల్లని మలానికి తాకించి, సీసాలో పెట్టి, పోస్టులో వేస్తే చాలు. నెవిల్ దాన్ని గరాజులో అద్దం మీద మంచు కరిగించే డబ్బాల వెనక దాచాడు. ఇంకో నాలుగు నెలలు ఆగుదాం అనుకున్నాడు.

అప్పుడు వచ్చింది లోర్నా థీకర్. నలభై మూడేళ్ల నర్సు. ఊరికి వచ్చే బస్సులు తగ్గించేశారని ఇంత వయసులో కారు నేర్చుకోవడానికి దిగింది. ఏడో పాఠంలో, రేవు పక్క ఎత్తురోడ్డు మీద, ఆమె నోరు విప్పింది.

"గురువుగారూ, ఒకటి అడగనా?"

"అద్దం చూసి అడుగు."

"చూశాను. ఆరు పాఠాల్లో మనం పదిహేడు సార్లు టాయిలెట్ల దగ్గర ఆగాం. లెక్కపెట్టాను."

"టీ ఎక్కువ తాగుతాను తల్లీ."

"మీరు టీ తాగగా నేనెప్పుడూ చూళ్లేదు. నేనెక్కడ పనిచేస్తానో ఎప్పుడూ అడగలేదు కదా. జనం పెద్దపేగుల్లోకి కెమెరా పంపే గదిలో, పదిహేనేళ్లుగా. నా దగ్గరా మీ వేషాలు?" ఆమె ఎడమవైపు సైగ వేసి, రెండు వ్యానుల మధ్య బండిని ఒక్క తిప్పులో ఇరికించి ఇంజను ఆపేసింది. "రక్తం పడుతోందా?"

నెవిల్ ఎదురుగా ఉన్న చేపల బండి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇరవై నెలలుగా ఎవరూ అడగని ప్రశ్న అది. అడిగితే ఏం చెప్పాలో సిద్ధం చేసుకోలేదు కాబట్టి నిజమే వచ్చేసింది. కడుపు, రక్తం, బీమా, డైరీలో టిక్కులు, అన్నీ చెప్పాడు. చెబుతుంటే సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

లోర్నా నవ్వలేదు. "ఆ కాగితం ఉందా?" అంది.

అది ముందరి అరలోనే ఉంది. ఆమె చదివి ఒక మాట మీద వేలు పెట్టింది. "ఇదేంటి?"

"లక్షణాలు."

"డాక్టరు దగ్గరికి వెళ్లకుండా అని కాదు, లక్షణాలు లేకుండా అని ఉంది. మీకు లక్షణాలు లేని రోజు ఒక్కటన్నా ఉందా?"

"లేదు."

"అయితే మీ రెండేళ్లు ఇంకా మొదలే కాలేదు గురువుగారూ. ఇరవై నెలలూ ఊరికే రక్తం పోగొట్టుకున్నారు."

నెవిల్ కాగితం తీసుకుని ఆ వాక్యాన్ని మళ్లీ మొదట్నుంచి చదివాడు. అప్పుడు ఫోను తీసి, వాళ్ల నోటే విందామని, అక్కడే, ఆమె ఎదురుగానే, బీమావాళ్లకి చేశాడు. అవతల ఒక ఆడగొంతు మర్యాదగా వివరాలు రాసుకుని, "ఇది ఎప్పట్నుంచి ఉందండీ?" అని అడిగింది.

అదే ప్రశ్న. పోయిన నెల నుంచి అంటే ఈ వారమే పెద్ద డాక్టరు, మెత్తని కుర్చీలు, వరసలో నిలబడే పనిలేదు. లోర్నా కిటికీ వైపు తిరిగి కూర్చుంది, వినకూడదన్నట్టు. నెవిల్ నాలుక ఒకసారి ఆ మాట దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"రెండున్నరేళ్లు," అన్నాడు. "మీ దగ్గర చేరకముందే పది నెలలు."

"అలా అయితే మా పాలసీ కిందకి రాదండీ, క్షమించాలి," అంది ఆ గొంతు. తర్వాత, కాగితంలో లేని మాట ఒకటి కలిపింది. "మా నాన్న కూడా ఇలాగే ఎవరికీ చెప్పలేదండీ. దయచేసి ఈ వారమే ఎవరికైనా చూపించుకోండి."

ఆ సాయంత్రమే నెవిల్ గరాజులోని సీసా వెతికి తీశాడు. దాన్ని చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్లి భార్య ఐలీన్‌కి అంతా చెప్పాడు. ఐలీన్ బంగాళదుంపలు తొక్కతీయడం ఆపలేదు, కానీ ఒకే దుంపని అరిగిపోయేదాకా తీస్తూ ఉండిపోయింది.

"నేను ఇంకో ఆడదేమో అనుకున్నా," అంది చివరికి.

"నాకా?"

"నేనూ అదే అనుకున్నా. నిన్ను ఎవరు భరిస్తారూ అని." అని కత్తి పక్కన పెట్టి, అతని స్వెటర్‌లో మొహం దాచుకుని ఏడ్చింది. "రాత్రిళ్లు లేచి వెళ్తుంటే నన్ను తప్పించుకు తిరుగుతున్నావనుకున్నా, దొంగ సచ్చినోడా." నెవిల్‌కి ఆ క్షణంలో తెలిసింది, తన కడుపు ఇంట్లో ఎంత దూరం పాకిందో.

సీసా పోస్టులో వెళ్లింది. పది రోజులకి ఉత్తరం వచ్చింది, రక్తం ఉంది, రమ్మని. మూడు వారాలకి ఆసుపత్రిలో తేదీ ఇచ్చారు. ముందు రోజంతా ఐలీన్ కలిపిచ్చిన నిమ్మరుచి మందు నీళ్లు తాగుతూ, స్నానాలగదిలోనే కాపురం పెట్టాడు. అడ్డుగోడకి అవతల కూర్చుని ఐలీన్ అతనికి దినపత్రికలోని పదాల పజిలు చదివి వినిపించింది. ఏడాదిగా వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోలేదు.

మర్నాడు ఆసుపత్రిలో, కెమెరా గదిలో లోర్నా ఉంది. "నేనుంటే ఇబ్బందా? వేరేవాళ్లని పిలుస్తాను," అంది.

"ఇన్నిసార్లు ఆగి చూపించాక ఇంకా దాచేదేముంది," అన్నాడు నెవిల్, వెనకవైపు తెరిచి ఉన్న గౌనులో ఎడమవైపుకి తిరిగి పడుకుంటూ. డాక్టరు ఓకోయె సన్నగా, పొడుగ్గా ఉంది. నొప్పి తెలియకుండా పీల్చుకోమని ఒక గొట్టం చేతికిచ్చి, "ఆ తెర చూస్తారా? కొందరు చూడరు," అంది.

నెవిల్ చూడకూడదనే వచ్చాడు. కానీ తెర వెలిగింది, చూడక తప్పలేదు.

మొదట ఎర్రగా, గరుకుగా, అక్కడక్కడా రక్తం ఊరుతూ ఉంది. "ఇదీ మిమ్మల్ని పరిగెత్తిస్తున్నది. వాపు. దీనికి మందుంది," అంది డాక్టరు. కెమెరా ముందుకి సాగింది. ఆ ఎరుపు దాటగానే నెవిల్ చేతిలోని గొట్టం పీల్చడం మరిచిపోయాడు.

అతని కళ్ల ముందు ఒక పొడవాటి లేత గులాబీ మందిరం తెరుచుకుంది. తడిగా, మెరుస్తూ, కమాను వెనక కమాను, ఇంకా ఇంకా లోపలికి. గోడల నిండా ఆకు ఈనెల్లాంటి సన్నని నెత్తుటి దారులు, ఒక్కోటి చీలి, చీలినవి మళ్లీ చీలి. ఎక్కడా ఒక్క మూల లేదు, ఒక్క గీత వంకర లేదు. ఒక మలుపు దగ్గర గోడలోంచి నీలంగా ఏదో నీడ కనిపించింది.

"అదేంటి?"

"మీ ప్లీహం. పక్కనే ఉంది కదా, గోడలోంచి కనిపిస్తోంది."

"నాదేనా?"

"మీదే గురువుగారూ," అంది లోర్నా అతని భుజం మీద చెయ్యి వేసి. "అంతా మీదే."

యాభై నాలుగేళ్లుగా అది ఈ చీకట్లో పనిచేస్తోంది. చేపలు, బంగాళదుంపలు, క్రిస్మస్ పుడ్డింగులు, తండ్రి పోయిన వారం ముద్ద దిగక మింగిన చల్లారిన టీ, ఏది పంపినా తీసుకుంది. ఒక్కరోజు సెలవడగలేదు. ఒక్క దీపం వెలగలేదు అక్కడ, చూసినవాళ్లు లేరు. అయినా ఇంత అందం దేనికి? ఎవరి కోసం? నెవిల్ గుడికీ చర్చికీ వెళ్లే మనిషి కాదు. ఆ తెర ముందు మాత్రం అతనికి లేచి టోపీ తీయాలనిపించింది. దీన్నా తాను సిగ్గుపడి దాచింది? రెండున్నరేళ్లుగా ఇది పిలుస్తుంటే, చివరికి రక్తం కార్చి మరీ పిలుస్తుంటే, డైరీలో టిక్కులు పెట్టుకున్నాడు. అతని కళ్ల నీళ్లు దిండు మీదికి జారాయి. గొట్టంలో గాలి వల్లనే అని తర్వాత ఐలీన్‌తో అన్నాడు గానీ, అది కాదు.

తిరిగి వచ్చే దారిలో కెమెరా ఆగింది. ఒక మడత వెనక, కాడ మీద నిలబడ్డ పుట్టగొడుగులాంటిది. డాక్టరు సన్నని తీగని ఉచ్చులా దాని మెడకి వేసి బిగించింది. అది తెల్లబడి, ఊడి వచ్చింది. "పరీక్షకి పంపిస్తాను," అంది అంతే.

బయట కుర్చీలో కూర్చోబెట్టి టీ, రొట్టె ఇచ్చారు. నెవిల్ ఇరవై నెలలు బీమా కిస్తీలు కట్టిన అలవాటుతో జేబు తడుముకుని, "ఎక్కడ సంతకం పెట్టాలి? ఎవరికి కట్టాలి?" అన్నాడు.

"చక్కెర ఎన్ని చెంచాలో చెప్పండి చాలు," అంది టీ తెచ్చిన పెద్దావిడ.

పదహారు రోజులు ఎదురుచూశాడు. ఆ పదహారు రోజులూ తెర మీద చూసిన ఆ గులాబీ మందిరమే కళ్లలో మెదిలింది, దాంతోపాటు ఆ పుట్టగొడుగూ. చివరికి డాక్టరు ఓకోయె తనే ఫోను చేసింది. అది ఇంకా క్యాన్సరు కాలేదు. పూర్తిగా తీసేశాం, మూడేళ్లకోసారి చూస్తుంటే చాలు. "కానీ అది అటు బయల్దేరింది, మిస్టర్ వెరిల్. ఇంకో రెండేళ్లు మీరు నోరు మూసుకుని ఉంటే నేను ఈ ఫోను ఇంకోలా చేసేదాన్ని." నెవిల్ ఫోను పెట్టేసి మెట్ల మీదే కూర్చుండిపోయాడు. తర్వాత లీడ్స్‌లోని చెల్లెలికి చేసి, పెళ్లినాడు కారు బాగానే ఉందని చెప్పాడు.

ఆగస్టులో లోర్నాకి పరీక్ష ముందరి చివరి పాఠం. వాపు మందు మొదలుపెట్టి ఎనిమిది వారాలైంది. ఊరి చివర కూడలిలో ఆమె అలవాటుగా సూపర్‌మార్కెట్ వైపు సైగ వేసింది.

"అటు కాదు. నేరుగా, పైకి."

"గురువుగారూ, ఇటు పికరింగ్ దాకా బీడు తప్ప ఏమీ లేదు. ఇరవై మైళ్లు. ఒక్కటీ లేదు."

"నాకు చెబుతున్నావా?" అన్నాడు నెవిల్. రెండున్నరేళ్లుగా ఏ శిష్యుడినీ ఆ రోడ్డెక్కించలేదు అతను.

బండి నిటారు ఎత్తు మీద మూలిగి, రెండో గేరులో పైకి తేలింది. ఒక్కసారిగా బీడంతా ఊదాపూలు. కనుచూపు మేర ఒకటే ఊదారంగు, మధ్యలో గొర్రెలు, వెనక అద్దంలో దూరంగా సముద్రం.

"ఆపు," అన్నాడు నెవిల్.

లోర్నా గబుక్కున అతని మొహం చూసి, సైగ వేసి, పక్కకి లాగి ఆపింది. "సంచీ తియ్యనా? డిక్కీలో ఉందా?"

"లేదు. ఇంట్లో పెట్టేశాను," అన్నాడు నెవిల్. "చూద్దామని ఆపమన్నాను, అంతే."

నెమ్మదిగా బెల్టు విప్పుకుని, తలుపు తీసి, ఒక కాలు పెట్టి, తర్వాత రెండోది పెట్టి దిగాడు. రెండున్నరేళ్లలో తొందర లేకుండా అతను కారు దిగడం అదే మొదటిసారి.