మేస్త్రీ లేని పూట

నేను ఒక కంప్యూటర్ని. ఎక్కడ పుట్టానంటే చెప్పలేను. నా ఒక్కో ముక్క ఒక్కో దేశంలో తయారైంది. మొదట ఒక ఎరువుల కంపెనీ ఆఫీసులో ఉన్నాను. అక్కడి గుమాస్తా నాతో పేకాట ఆడేవాడు, మేనేజరు వస్తే లెక్కలు చూపించేవాడు. తరువాత ఒక ఫొటో స్టూడియోలో పెళ్లిచూపుల ఫొటోలకు రంగు తేల్చాను. చివరికి రేపల్లె దగ్గర ఒక ఊళ్లో ఆడవాళ్ల చదువుల కేంద్రానికి చేరాను.

నా ఒంట్లో ఎన్ని భాగాలున్నా వాటంతట అవి ఏ పనీ చేయలేవు. ఊడ్పుల ముఠాకి మేస్త్రీ ఉన్నట్టే నా లోపలా ఒకడు ఉండాలి. ఎవరు ఏ పని చేయాలో, ఏది ముందో ఏది వెనకో చెప్పేది అతనే. చదువుకున్నవాళ్లు అతన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. నా మేస్త్రీ ఒక కంపెనీ మనిషి. అతను పని ఎలా చేస్తాడో ఎవరూ తొంగి చూడకూడదు. పాపం, ముసలివాడైపోయాడు. నన్ను ఆన్ చేసి, టీ కాచుకుని తాగి వచ్చినా ఇంకా కళ్లు నులుముకుంటూనే ఉండేవాడు. కొత్తవాణ్ణి పంపమంటే, ఇంత పాత ఇంట్లో మావాడు ఉండలేడని కంపెనీ నా తెర మీదే రాసేసింది.

నాతో ఎక్కువ పని నాంచారమ్మది. ఊడ్పుల్లో పాట ఎత్తుకునేది ఆవిడే. అక్షరాలు వచ్చాక తన పాటలన్నీ ఒంటివేలితో కొట్టి నాలో దాచింది. పుస్తకం వేయించాలని ఆవిడ కోరిక. పక్క పాలెం తిరుపతమ్మ ఆ పాటలు అడిగితే మాత్రం, "పాటలు నువ్వు కట్టుకోలేవా, నావెందుకు?" అనేది.

ఒక శుక్రవారం, కేంద్రం నడిపే సువార్త పెన్ డ్రైవులో కొత్త మేస్త్రీని తెచ్చింది. పేరు లినక్సు.

"ఎవరు పంపారే ఇతన్ని?" అంది నాంచారమ్మ.

"ఎక్కడెక్కడో ఉన్న చాలామంది కలిసి చేసి ఊరికే ఇచ్చారు పెద్దమ్మా. ఎలా చేశారో కూడా రాసి పెట్టారు. కావాలంటే మనమూ మార్చుకోవచ్చు."

"ఊరికే ఇచ్చారంటే ఏదో లోపం ఉంటది."

"ఉంటే చూసినవాళ్లు బాగుచేస్తారు. ముందు నీ పాటలు పెన్ డ్రైవులోకి తీస్తాను."

"వద్దు. ఎవరి చేతికైనా పోతాయి. ఈ కంప్యూటర్లోనే ఉండనీ."

సువార్త చేసేది లేక, పాత మేస్త్రీని సాగనంపి, నా లోపలి జాగాని రెండు గదులు చేసి, ఒకటి పాటలకూ ఒకటి కొత్తవాడికీ ఇచ్చే పని మొదలుపెట్టింది. నాంచారమ్మనీ తిరుపతమ్మనీ నన్ను చూస్తూ ఉండమని చెప్పి మంచినీళ్లకు వెళ్లింది. తిరుపతమ్మ వింత చూడ్డానికి వచ్చి ఉంది.

తిరుపతమ్మ గడియారం చూసి ఉలిక్కిపడింది. "అక్కా, పదిన్నర. రాహుకాలం వచ్చేసింది. కొత్త మనిషి ఇంట్లో అడుగు పెట్టే వేళేనా ఇది?"

"నిజమే," అంది నాంచారమ్మ.

తిరుపతమ్మ ప్లగ్గు పీకేసింది. పాటలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి సగం దారిలో ఉన్నాయి.

మేస్త్రీ లేని ఆ పూట సంగతి నాకు తెలియదు. మధ్యాహ్నం సువార్త మళ్లీ మొదటినుంచి పెడితే కళ్లు తెరిచాను. కొత్తవాడు చురుకైనవాడు. పాటల గది మాత్రం ఖాళీగా ఉంది.

నాంచారమ్మ గోడకు చేరగిలబడింది. "పోయినియ్యే నా పాటలు. నీ రాహుకాలం మండ."

"నువ్వూ నిజమే అన్నావుగా అక్కా," అని గొణిగి తిరుపతమ్మ గుమ్మం దగ్గర కూర్చుంది. కాసేపటికి సన్నగా పాట ఎత్తుకుంది. ఒకటయ్యాక ఇంకొకటి. అన్నీ నాంచారమ్మవే.

"నీకెట్టా వచ్చినియ్యే ఇవి?"

"నువ్వు ఊడ్చేది మా గట్టు పక్కనే. చెవుల్లో బెండ్లు పెట్టుకోమంటావా?"

నాంచారమ్మ లేచి వచ్చి నా ముందు కూర్చుంది. ఒకరు పాడుతుంటే ఒకరు కొట్టడం మొదలైంది. కొంతసేపటికి వేలు ఆగింది.

"ఈ చరణం నాది కాదు."

"నాదే. మా మడి పొడవు. నీ పాట సగంలోనే అయిపోయేది. అందుకని పొడిగించా."

నాంచారమ్మ మూతి బిగించింది. తీసేస్తుందనుకున్నాను. "మళ్లీ అను. తొందరపడక, నెమ్మదిగా," అంది. ఆ చరణం కొట్టింది.

అన్నీ అయ్యాక తానే అడిగి, సువార్త చేత పాటలు పెన్ డ్రైవులోకి తీయించి, దాన్ని తిరుపతమ్మ చేతిలో పెట్టింది. "పాడుకో. మార్చుకుంటే మార్చుకో. మార్చింది మాత్రం నాకొచ్చి వినిపించాలి."

నా కొత్త మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. అతనూ ఇంచుమించు ఆ షరతు మీదే లోకంలో తిరుగుతున్నాడు: అతన్ని మార్చి పంచేవాళ్లు ఏం మార్చారో చూపించాలి. కాకపోతే అతని షరతు చాంతాడంత ఉంటుంది, ఎవరూ చదవరు.

పుస్తకం ఇంకా అచ్చుకు వెళ్లలేదు. తిరుపతమ్మ కొత్త చరణంతో వస్తుంది, నాంచారమ్మ దానికి పోటీగా ఇంకొకటి కడుతుంది. నేను పాత ఇనుముకు పోయేలోగా ఇది తెమిలేలా లేదు.