గడుల కాగితం మీద దారి

కస్తూరి గీసిన దారి పటం శనివారం ఉదయం పెనుకొండలో పోయింది. ఆ సంగతి గురుమూర్తి మాస్టారికి తెలిసేసరికి సైకిలు ఊరు దాటి ఆరు కిలోమీటర్లు వచ్చేసింది. హ్యాండిలుకు కట్టిన సంచిలో పంపు ఉంది, పంక్చరు సామాను ఉంది, కాగితం లేదు.

రెండు వందల ఏళ్ల కిందట సర్వే వాళ్లు బెంగళూరు నుంచి గుత్తి వైపు, ఒక కొండ మీంచి ఇంకో కొండను చూసుకుంటూ నేలను కొలుచుకుపోయారు. ఆ దారిన సైకిళ్ల మీద పోదామని హిందూపురంలో మాస్టారూ కస్తూరీ, భార్యాభర్తలిద్దరూ, మూడేళ్లు అనుకున్నారు. కస్తూరి ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల. చీర డిజైన్లు వేసే గడుల కాగితం మీదే ఆమె చెయ్యి ఆడేది. దారినీ అలాగే గీసింది: ఊరికి ఒక గడి, కొండకు మూడు. మొన్న మార్గశిరంలో ఆమె పోయింది. ఆమె చేతి గీతల్లో మిగిలింది అదొక్కటే.

ఆయన వెనక్కి తొక్కాడు. పొద్దున ఆగి టీ తాగిన కొట్టులో తిప్పమ్మ గ్లాసులు కడుగుతోంది.

“ఆ గడుల కాయితమా సార్? చీర డిజైన్ అనుకుంటి. మగ్గమోళ్లు యాడ ఎతుకులాడతాండారో అని, ధర్మవరం బస్సుకు పోతాండే నాగేంద్ర చేతికిచ్చి పంపిస్తి.”

“ఎవరికిమ్మని చెప్పినావమ్మా?”

“అట్టలు కొట్టే అమర్‌నాథ్‌కు. అరగంటాయ బస్సు పోయి. సైకిలెక్కి డిజైన్లు మోసే సార్‌ను నేనెప్పుడూ చూల్యా.”

ఆయన సైకిలు ధర్మవరం వైపు తిప్పాడు. డిజైన్ చూసి, చీర మగ్గానికి ఎక్కించే జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టేవాళ్లు, అయిపోయిన ప్రతి వరుసనూ పెన్నుతో కొట్టేస్తారు. కస్తూరే చెప్పింది ఒకప్పుడు. ఎదురుగాలి. ధర్మవరం నలభై కిలోమీటర్లు. ఒక్కో రాయి దాటుతుంటే ఒక్కో వరుస పోతున్నట్టే ఉంది. నీళ్లకు కూడా ఆగలేదు.

అమర్‌నాథ్ బల్ల మీద కాగితం పరిచి ఉంది. అడుగున నాలుగు వరుసల మీద నీలం గీతలు. హిందూపురం గడి కూడా ఆ కొట్టేసిన వరుసల్లోనే ఉంది.

“ఈ డిజైన్ మీదా సార్? అంచుకు పనికిరాదు, పైటకు పనికిరాదు. ఏదో కొత్త మోస్తరని మొదలుపెట్టి నాలుగు వరుసలకే ఆపేస్తి,” అన్నాడు అమర్‌నాథ్. “సగమే ఉండాది. గీసినోళ్లను అడిగి తక్కింది తెండి, కొట్టిస్తా.”

“ఆమె లేదప్పా,” అన్నాడు మాస్టారు.

అమర్‌నాథ్ పెన్ను మూత పెట్టాడు. కాగితాన్ని మడత పడకుండా చుట్టి, దారం కట్టి ఇచ్చాడు. మాస్టారు దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

ఆమె గీసింది ధర్మవరం వరకే. ఇక్కడి నుంచి గుత్తి దాకా దారి ఇంకా ఎవరూ గీయలేదు.