నిప్పు తెలియని కాలు

“నొప్పి లేదుగా, ఇంకేం?” అంది మా అత్త ఆదెమ్మ, నా కుడికాలి పిక్క గిల్లి వదిలేస్తూ. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడు. నేను కుర్చీలో కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ అరటిపళ్ళు చేతిలో పెట్టడం, నా కాలు గిల్లి వెళ్ళడం. పుచ్చకాయ కొనేముందు కూడా అంతమంది తట్టి చూడరు. నా పేరు స్తుతి. ఈ ఇంట్లో దొరికేది నింద. మా ఆయన ప్రసన్నకుమార్ ప్రసన్నంగా ఉన్నది పెళ్ళి ఫొటోలోనే.

ట్రాక్టర్ ట్రాలీలో పత్తి తొక్కుతూ జారి కిందపడ్డాను. వెన్నుపాము నలిగిందన్నారు. ఒంట్లో పామును పెట్టుకుని ఇన్నేళ్ళు కాపురం చేశానని అప్పుడే తెలిసింది. “పూర్తిగా తెగలేదమ్మా, ఎడమవైపు సగం దెబ్బతింది,” అంది చిలకలూరిపేటలో నాకు ఫిజియోథెరపీ చేసే కౌసర్. “కదలమనే కబురు అదే పక్కన కిందికి దిగుతుంది. అందుకే ఎడమకాలు సరిగా కదలదు. నొప్పి, వేడి కబుర్లు అవతలి పక్కకు దాటి పైకెక్కుతాయి. అందుకే కుడికాలికి అవి తెలియవు.”

నవ్వొచ్చింది. కుడికాలు అచ్చం మా ఆయనే: ఊరంతా తిరుగుతుంది, ఏదీ పట్టదు. ఎడమకాలు నేను: అన్నీ తెలుస్తాయి, కదలడానికి లేదు. అర్ధాంగి అన్న మాట నాకిప్పుడు పూర్తిగా కుదిరింది.

రోజూ కుడికాలు అద్దంలో వెనకాముందూ చూసుకోమంది కౌసర్. నీళ్ళ వేడి చేత్తో చూసి పోసుకోమంది. మూత్రం వచ్చేదీ సరిగా తెలియదు కనుక గడియారం చూసి వెళ్ళమంది. అద్దం అడిగితే “ఇప్పుడెవరికి చూపిద్దామనే ఈ సోకులు?” అన్నాడు మా ఆయన. గడియారం చూసి లేస్తే “కలెక్టరమ్మ మీటింగుకి లేచింది” అంది అత్త. చేతికర్రతో నాలుగడుగులు వేసేసరికి వాళ్ళ దృష్టిలో నాకు నయమైపోయింది.

కిందటి వారం, ఆటో ఎందుకు దండగ అని ఆయన బండి మీద పేటకు తీసుకెళ్ళాడు. ఒకపక్కకు కూర్చుంటే ఎడమకాలు జారిపోతోందని, చీర ఎగదోసి చెరోపక్కకు కాళ్ళు వేయించాడు. దారిలో కమురు వాసన. ఎవరో చేలో పత్తికట్టె తగలబెడుతున్నారనుకున్నాను. “ఏవండీ, ఎక్కడిదండీ ఈ వాసన?” అంటే “నోరు మూసుకుని కూర్చోవే” అన్నాడు. ముక్కు మూసుకోమన్నా అర్థముండేది. దిగాక కౌసర్ చూసి “అయ్యో!” అంది. సైలెన్సర్‌కి ఆనుకుని కుడి పిక్క కాలిపోయింది. కాలు కాలిందని ముక్కుకు తెలిసింది గానీ కాలికి తెలియలేదు.

“ఇది పుండు పడితే నెలల తరబడి మంచమే. నీకు నడిచే కాలు ఇదొక్కటే,” అంది కౌసర్ కట్టు కడుతూ. ఆటోలో ఇంటికి వస్తుంటే నా మనసు ఒకచోట నిలవలేదు. నాకు తెలియకుండా ఇంకేమేం కాలాయి? పెళ్ళైన కొత్తలో అన్నం మెత్తబడిందని ఆయన కంచం విసిరితే, మెతుకులు ఏరుకుంటూ నవ్వాను. మా కోడలికి ఓర్పెక్కువ అని అత్త చర్చి నిండా చెప్పుకుంది. అది ఓర్పేనా? లేక అప్పుడే ఎక్కడో ఏదో నలిగిపోయి, కబురు పైకి చేరడం మానేసిందా?

ఇవాళ సంఘపెద్దలు మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. “కట్టుంటే ఏం, నొప్పి లేదుగా?” అన్నాడాయన గడ్డం గీసుకుంటూ.

“నొప్పి తీసేసిన ప్రభువుకు స్తోత్రం చెప్పి పొయ్యి వెలిగించవే,” అంది అత్త. అలవాటుగా గిల్లడానికి వంగి చెయ్యి చాపింది.

కుడికాలు వెనక్కి లాక్కున్నాను. ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి ముందు పెట్టాను. “ఇది గిల్లు అత్తా.”

గిల్లింది.

అరిచాను. కంచం విసిరిన రోజు అరవాల్సినంత గట్టిగా అరిచాను. ఎదురింట్లో టీవీ ఆగిపోయింది. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన సంఘపెద్ద ఏసోబు గారు చెప్పులు విప్పబోయి ఆగిపోయారు.

“ఏంటే ఆ అరుపు?” అన్నాడు మా ఆయన, సగం గడ్డంతో.

ఆయన చేతిలోని అద్దాన్ని నా కుడికాలి వెనక్కి తిప్పాను. “ఇలా పట్టుకోండి. కట్టు చుట్టూ ఎర్రబడిందేమో చూసుకోవాలి. ఆ తర్వాత పొయ్యి మీరు వెలిగించుకోండి,” అన్నాను. “నాకు నొప్పి ఉందిగా.”