నునుపెక్కిన నల్లబల్ల

కొండ కింద పల్లె బడిలో గోడకు వేలాడే నల్లబల్లను నేను. వడ్రంగి బ్రహ్మయ్య మామిడి చెక్కలు అతికి నన్ను చేశాడు. ఏటా బడి తెరిచే ముందు పిల్లలు బొగ్గు నూరి, దొండాకు పసరులో కలిపి నాకు పూసేవారు. గరుకుగా ఉండేదాన్ని. సుద్దముక్క నా మీద బాగా పట్టేది.

ఒక వేసవిలో ఊరి పెద్దలు ముచ్చటపడి, తలుపులకు వేయగా మిగిలిన నూనెరంగు నాకూ వేయించారు. ఒళ్లంతా నిగనిగ. చూడవచ్చినవాళ్లు నా ముందు నిలబడి మీసాలు సవరించుకున్నారు. తమ మొహం కనబడితే చాలు, మనుషులకు ఆ వస్తువు బాగున్నట్టే. నాకూ గర్వంగానే ఉండేది.

దానియేలు మాస్టారు పిల్లల్ని ఎత్తును బట్టి కూర్చోబెట్టేవారు. అంకాలుకు చిన్నప్పుడు తట్టు పోసి ఒక కన్ను పోయింది. అయినా పొడుగు పిల్ల కనక చివరి వరసే. పద్ధతి పద్ధతే. మాస్టారు నోరు మెదపకుండా రాసి, "దించుకోండి" అనేవారు. అంకాలు పలక ఎప్పుడూ ఖాళీ.

ఒకరోజు వాళ్లమ్మ పేరమ్మ గంప నెత్తిన పెట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అయ్యా, దీనికి చదువు అబ్బేట్టు లేదు. మిరపకోతకు తీసకపోతా."

మాస్టారు అంకాలును లేపారు. "బోర్డు మీద ఏముందో చదవ్వే."

పిల్ల మెడ చాచి నా వంక చూసింది. "పొడుగే గానీ సరుకు లేదు సార్," అని ముందు వరసలో సుబ్బులు కిసుక్కుమంది.

"పోనీ, కనబడేదే చెప్పు."

"మా అమ్మ కనబడతంది సారూ."

పిల్లలు గొల్లుమన్నారు. మాస్టారు నవ్వలేదు. వెళ్లి అంకాలు చోట కూలబడి, ఒక కన్ను మూసుకుని నా వంక చూశారు. గుమ్మం వెలుగంతా నాలోనే ఉంది. ఆ వెలుగులో గంపతో పేరమ్మ. తాను రాసిన పాఠం మటుకు లేదు.

"ఒక్క వారం ఆగు పేరమ్మా."

"ఆగితే కన్నొచ్చిద్దా అయ్యా?"

"రాదు. ఉన్నదాంతోనే చదివిద్దాం."

మర్నాడు గరుకు కాగితంతో నా నిగనిగంతా గీకేశారు. మళ్లీ బొగ్గు, దొండాకు. అక్షరాలు పెద్దవయ్యాయి. రాసే ప్రతి మాటా పైకి అంటూ రాయడానికి మాస్టారు మొదట్లో సిగ్గుపడ్డారు, తర్వాత అలవాటైంది. వరసలు తీసేసి అందర్నీ నా ముందు అరచుట్టుగా కూర్చోబెట్టారు. తమాషా ఏమంటే, రెండు కళ్లూ బాగున్నవాళ్ల పలకల్లోనూ తప్పులు తగ్గాయి.

వారం గడిచింది. పేరమ్మ వచ్చేసరికి అంకాలు నా పక్కన నిలబడి కూడబలుక్కుంటూ చదువుతోంది. తల్లిని చూసి ఆగిపోయి, పలక సంచిలో పెట్టబోయింది.

"ఏందే, ఆపావు?" అంది పేరమ్మ. "చివరిదాకా చదువు. కోతకు నేను పోతాలే."

అంకాలు మళ్లీ చదవడం అందుకుంది. పేరమ్మ గంప సర్దుకుని బయల్దేరింది. గుమ్మంలోంచి నాకు కనబడినంత మేరా నెమ్మదిగానే నడిచింది.