పదహారు చుక్కలు

రోజారాణి మేడం క్లాసు పొద్దున తొమ్మిదింటికి. కరీంనగర్‌లోని ఆ నర్సింగ్ స్కూల్లో ఆమె క్లాసుకు ఆలస్యంగా వచ్చే ధైర్యం ఎవరికీ లేదు. ముందు చేతులు కడుక్కోవాలి. బాటిల్ మీద పేరు, తారీఖు చదవాలి. గొట్టంలో గాలి లేకుండా చూడాలి. నేర్చుకోవడానికి పెట్టిన రబ్బరు చేతికి సూది గుచ్చినా సరే, "అమ్మా, జర సూది గుచ్చుతున్న" అని చెప్పే గుచ్చాలి. చెప్పకపోతే, "రబ్బరుకు నొప్పి లేకుంటే నీకు సిగ్గు లేదా?" అంటుంది మేడం.

చుక్కలు లెక్కపెట్టడానికి మాత్రం కిటికీ పక్కన వేలాడే పాత సెలైన్ బాటిల్ దగ్గరికి తీసుకుపోతుంది. ఇరవై రెండేళ్లుగా అది కారుతూనే ఉంది. నిమిషానికి పదహారు చుక్కలు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. నీళ్లు సగం కంటే దిగవు. కింద బకెట్ పెడతారు. ఆయమ్మ దేవవ్వ రోజూ సాయంత్రం ఆ నీళ్లు మెట్ల పక్క గన్నేరుకు పోస్తుంది. ఉప్పునీళ్లే అయినా గన్నేరు పూస్తూనే ఉంది. తనిఖీకి వచ్చిన పెద్దసార్లు రిజిస్టర్లలో వంద తప్పులు పట్టి, బాటిల్ సంగతికొచ్చేసరికి బకెట్ పెద్దది కొనమని రాసి పోయారు.

అది రాయమల్లు అనే సిరిసిల్ల నేతకార్మికుడికి ఎక్కించిన బాటిల్. ప్రాణం పోయాక సూది తీశారు, చుక్కల వేగం తిప్పే రోలర్ మూశారు, చుక్క ఆగలేదు. ఆ కథ ప్రతి బ్యాచ్‌కూ మేడమే చెబుతుంది.

"ఆయన గుండె కమ్జోరు. నిమిషానికి పదహారు చుక్కలు, మెల్లగ ఎక్కియ్యమన్నడు డాక్టర్. బట్ట నేసే సాంచ ఖాళీగ ఉంటే సేటు ఇంకోనికిస్తడని ఆయనకు ఫికర్. పక్కనున్న మనిషి ఆఖరి బస్సు అందాలని రోలర్ మొత్తం తిప్పింది. ఊపిరితిత్తులల్ల నీళ్లు నిండినయి. బస్సు పోయింది, మనిషి పోయిండు."

పక్కనున్న మనిషి ఎవరని ఏ బ్యాచూ అడగలేదు.

ఆ అక్టోబరులో రెండో సంవత్సరం చదివే సృజన తల్లి చంద్రవ్వ వాంతులు, విరేచనాలతో స్కూలు పక్క ఆసుపత్రిలోనే చేరింది. వాళ్లది మెట్‌పల్లి అవతల ఊరు. భర్త మస్కట్‌లో ఉంటాడు. ఆమెదీ బలహీనమైన గుండే. డాక్టర్ నిమిషానికి పదహారు చుక్కలని రాసి, బాటిల్ అయిపోయాక ఇంటికి పోవచ్చన్నాడు. సృజనకు ఆ రోజు అదే వార్డులో డ్యూటీ.

"గిట్లయితే రాత్రయితది గదా బిడ్డా," అంది చంద్రవ్వ. "నాలుగింటి బస్సు పోతే మళ్ల లేదు. పొద్దటి సంది బర్రె పాలు పిండలే. నువ్వు నర్సువే గదా, జర జల్ది ఎక్కియ్యి."

"వద్దవ్వా."

"మరి ఏం సదువుకున్నవే!"

ఆ మాట పిల్లకు తగలాల్సిన చోటే తగిలింది.

క్లాసులో మొదటి సంవత్సరం పిల్లలు "పద్నాలుగు, పదిహేను" అంటూ లెక్కపెడుతున్నారు. పాత బాటిల్ ఉన్నట్టుండి ధార కట్టింది. పిల్లలు లెక్క మరిచిపోయారు. మేడం చెప్పులు కూడా వేసుకోకుండా వార్డుకు ఉరికింది.

చంద్రవ్వకు అప్పుడే ఆయాసం మొదలైంది. సృజన వేలు ఇంకా రోలర్ మీదే ఉంది. మేడం రోలర్ మూసింది, చంద్రవ్వను లేపి కూర్చోబెట్టింది, డాక్టర్‌ను కేకేసింది. ఆక్సిజన్ పెట్టారు, సూదిమందు ఇచ్చారు. గంటకు ఊపిరి కుదుటపడింది.

సృజన వరండాలో గోడకానుకుని ఏడుస్తోంది. "నన్ను స్కూల్లకెల్లి తీసెయ్యిండ్రి మేడం. గా రాయమల్లు పక్కనున్న మనిషి లెక్కనే చేసిన."

"గా మనిషిని నేనే," అంది రోజారాణి. "ఆయన మా బాపు. నేను గప్పుడు గీ స్కూల్లనే రెండో సంవత్సరం. 'నువ్వు నర్సువే గదా బిడ్డా' అన్నడు."

సృజన ఏడుపు ఆపి ఆమె ముఖం చూసింది.

"నాకైతే ఎవ్వరు ఉరికి రాలే," అంది మేడం.

ఆమె క్లాసుకు తిరిగొచ్చేసరికి బాటిల్ ఖాళీ. గొట్టం ఎండిపోయింది. ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. పిల్లలు గోడ పక్కకు జరిగి నిలబడ్డారు.

"ఆగిపోయింది మేడం," అంది దేవవ్వ. "బకెట్ తియ్యాల్నా?"

రోజారాణి కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఇరవై రెండేళ్ల కింద తండ్రి శవాన్ని బండెక్కించినప్పుడు రాని ఏడుపు అది. రోజూ తొమ్మిదింటికి చుక్కలు లెక్కపెడుతుంటే బాపు ఇంకా మంచం మీదే ఉన్నాడనిపించేది ఆమెకు. ఇక ఏ మంచం మీదా లేడు.

సాయంత్రం బకెట్ తానే ఎత్తుకుని మెట్లు దిగింది. దేవవ్వ సాయం వస్తానన్నా రానివ్వలేదు. గన్నేరు మొదట్లో ఆఖరి నీళ్లు మెల్లగా, చాలా మెల్లగా పోసింది.