అరవై మూడు ఒంటి పూసలు

మంగళవారం సాయంత్రం తన కళ్లముందే మ్యూజియం బీరువాలో పెట్టి తాళం వేసిన హారం, ఆదివారం పొద్దున ఫ్లైఓవర్ కింద పాత సామాన్ల సంతలో, తుప్పు పట్టిన తాళాల గుత్తికీ ముల్లు ఊడిన గడియారానికీ మధ్య చిరుగుల దుప్పటి మీద పడి ఉండడం చూసి పూసలక్క అడుగు ఆగిపోయింది.

పొరపాటు పడే ప్రసక్తే లేదు. అరవై మూడు ఎర్రరాతి పూసలు. నడిమి పూస మీద ఏటవాలుగా తెల్ల గీత. గోధుమరంగు పట్టుదారం ఆమె స్వయంగా పురిపెట్టింది. చివరి ముడి ఆమె వేసిందే. తెగిన దండలూ, పాత నగలూ తిరిగి గుచ్చి బాగుచేయడం ఆమె బతుకుతెరువు. టైలరు షాపు మీది గదిలో పది రోజులు ఆ హారంతోనే కాపురం చేసింది.

ఆ బీరువా తాళంచెవి ఉండేది ఒక్కడి దగ్గరే. ఆ ఒక్కడూ ఆమె తమ్ముడు, మ్యూజియంలో స్టోర్ కీపరు. రేపు పొద్దున ప్రదర్శన మొదలు. హారం మాయమైందని తేలితే మొదట సంకెళ్లు పడేది వాడి చేతికే.

'వీడు గానీ...' అన్న ఆలోచన రాబోతుంటే పంటి బిగువున ఆపుకుంది.

"ఏం పూసలక్కా, ఇవాళ ఆలస్యం? మంచి సరుకంతా ఎగిరిపోయింది," అన్నాడు దుప్పటి వెనక కూర్చున్న తాళాలాయన.

"నీ దగ్గర మంచి సరుకెప్పుడుందన్నా, ఎగరడానికి?"

పాతికేళ్ల అలవాటు కొద్దీ చెయ్యి హారం వైపు కాకుండా గడియారం వైపు వెళ్లింది. కావాల్సిన వస్తువును ముందు ముట్టకూడదు. ముట్టుకుంటే ధర కొండెక్కి కూర్చుంటుంది. సంతల్లో పాత పూసలు వేటాడేవాళ్లు నేర్చుకునే మొదటి పాఠం అది.

ఆ పాఠమే ఇవాళ కొంప ముంచింది. ఆమె గడియారం తిప్పి చూస్తుండగా భుజం పక్కనుంచి ఒక చెయ్యి చాచుకొచ్చి హారాన్ని ఎత్తేసింది.

భూతద్దం! పాత నగల వ్యాపారి. మెడలో నల్లతాడుకు అద్దం వేలాడేసుకుని తిరుగుతాడు. ఆ సంతలో ఎవరూ రాయని రూలొకటుంది. ఒకరి చేతిలో ఉన్న వస్తువుకు ఇంకొకరు బేరమాడకూడదు. కింద పెట్టేదాకా నోరు మూసుకుని నిలబడాలి. రూలు తప్పినవాళ్లకు మరుసటి వారం నుంచి ఎవరూ ఏదీ చూపించరు.

పూసలక్క నిలబడింది. భూతద్దం ఒక్కో పూసా వేళ్ల మధ్య దొర్లిస్తున్నాడు. ఒక పూసను పంటికి తాకించి చూశాడు. అద్దం కంటికి పెట్టుకుని రంధ్రాల దగ్గర ఆగాడు.

"ఏం, తీసుకుంటావా? లేకపోతే పెళ్లిచూపులేనా?" తాళాలాయన విసుక్కున్నాడు.

"పనితనం బ్రహ్మాండం. కానీ కొత్తది. మహా అయితే మన వయసుంటుంది," అంటూ భూతద్దం హారాన్ని దుప్పటి మీద పడేశాడు.

'ధర దించడానికి వేషం వేస్తున్నాడు. ఒక చుట్టు చుట్టి మళ్లీ వస్తాడు' అనుకుంది పూసలక్క. అతను అటు తిరగ్గానే హారం మీద అరచెయ్యి వేసింది. తాళాలాయన అడిగినంతా మారు మాట్లాడకుండా ఇచ్చేసింది. ఆయన నోరు తెరుచుకు చూశాడు.

"ఒంట్లో బాగానే ఉందా అక్కా? బేరం ఆడలేదేం?"

"ఇది ఎవరు తెచ్చారన్నా?"

"ఇళ్లల్లో పాతసామాన్లు కొనే బండాయన. ఒక రేకు డబ్బాలో గుండీలూ, దారాలూ, దానితోపాటు ఇదీ. ఏ ఇల్లో ఆయనకే గుర్తుండదు."

హారాన్ని సంచి అడుగుకు తోసి, పక్క సందులోకి వచ్చి తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావురా?"

"స్టోర్‌రూంలో. ఆదివారం కూడా వదల్లేదు నన్ను. హెడ్డాఫీసు నుంచి ఆఫీసరు మేడం దిగింది. నీకే ఫోన్ చేయబోతున్నా. హారం అద్దాల పెట్టెలో అమర్చడానికి నువ్వుండాలట."

"ముందు బీరువా చూడు. హారం ఉందా?"

"ఎక్కడికి పోతుందే? ఇదిగో, నా ఎదురుగా బల్ల మీదే ఉంది."

హారం అక్కడుంటే, ఈ సంచిలో ఉన్నదేమిటి?

* * *

స్టోర్‌రూం మ్యూజియం వెనకవైపు, కిటికీ లేని గది. పొడుగాటి బల్ల మీద తెల్లటి మెత్తని గుడ్డ, దాని మీద హారం. బల్లకు అటువైపు ఆఫీసరు మేడం నిలబడి కవరులోంచి ఫొటోలు తీస్తోంది. హారం మ్యూజియానికి వచ్చిన రోజున ఒక్కో పూసకూ తీసిన ఫొటోలవి.

"రేపు నిపుణులు మైక్రోస్కోపుతో వస్తున్నారు. రంధ్రాల లోపల కూడా చూస్తారు. ఈలోపు మనం వరస సరిచూద్దాం. మీరు పూసలు చూపించండి, నేను ఫొటో చూస్తాను," అంది.

పూసలక్క సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. హారాన్ని చేతిలోకి తీసుకుంది. తన దారమే. తన ముడిలాంటి ముడే. మొదటి పూస, రెండో పూస, మూడో పూస... వేలికొసలకు ఏదో తేడా తెలిసింది.

పాత పూస ఒంటరిగా అరగదు. పక్కపూసతో తరాల తరబడి రాసుకుంటుంది. దాని అంచు దీని అంచుకు గిన్నెకు మూతలా కుదురుకుంటుంది. ఈ దండలో ప్రతి పూసా పాతదే, అందులో అనుమానం లేదు. ఆ నునుపు ఎవరూ పుట్టించలేరు. కానీ ఏ పూస అంచూ పక్కదానితో కలవడం లేదు. కిక్కిరిసిన రైలుపెట్టెలో ముక్కూమొహం తెలియని అరవై మూడుమంది ఇరుక్కుని కూర్చున్నట్టుంది.

అంటే ఇవన్నీ ఒక్క దండలోవి కావు. ఒక్కొక్కటిగా ఏరి తెచ్చి, సైజులు కలిపి గుచ్చినవి.

మరి సంచిలోది? గుచ్చేటప్పుడు దాని అంచులు చక్కగా కుదిరాయని తాను మురిసిపోయింది. ఇప్పుడు తలచుకుంటే ఆ కుదురు మరీ ఎక్కువ. మొదటినుంచి చివరిదాకా ఒకే చెయ్యి కూర్చుని అరగదీసినట్టు... భూతద్దం వేషం వెయ్యలేదు. ఉన్నమాటే అన్నాడు.

దొంగన్నవాడు అసలు తీసుకుపోయి నకిలీ పెడతాడు. ఇక్కడెవరో నకిలీ తీసుకుపోయి అసలు పెట్టారు!

"ఒక్క నిమిషం," అంది ఆఫీసరు మేడం. నడిమి పూస ఫొటో చేతిలో ఉంది. "ఫొటోలో తెల్ల గీత ఎడమ నుంచి కిందికి వాలింది. ఇక్కడ కుడి నుంచి వాలింది. పూస తిప్పి చూపించండి."

పూసలక్క తిప్పింది. తిప్పినా గీత దారి మార్చలేదు.

"ఇది ఆ హారం కాదు," అంది మేడం. గొంతు పెద్దది చేయలేదు. అంత మెల్లగా అనడమే భయపెట్టింది. "బీరువా తాళంచెవి ఎన్ని?"

"ఒక్కటే మేడం. నా దగ్గరే ఉంటుంది," అన్నాడు తమ్ముడు. "నేను ముట్టుకోలేదు మేడం. మా అక్క మీద ఒట్టు."

"మీ అక్కే కదా పది రోజులు దగ్గర పెట్టుకున్నది? ఇద్దరూ కలిసి చేశారేమో నాకేం తెలుసు? కూర్చోండి. మంగళవారం నుంచి జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టండి. నేను పోలీసులకు ఫోన్ చేస్తున్నాను."

తెల్లకాగితం తమ్ముడి ముందుకొచ్చింది. పూసలక్క రెండు పాదాలూ సంచిని నొక్కిపట్టాయి. ఇప్పుడు ఎవరైనా సంచి వెతికితే అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకే జీపు ఎక్కుతారు.

"ఒరేయ్, బాగా గుర్తు తెచ్చుకో. ఈ గదిలోకి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదే! బయటివాళ్లను రానిస్తానా నేను? బుధవారం పెదనాన్న క్యారియర్ తెచ్చారు. అంతే. నువ్వు గుచ్చిన హారం చూస్తానంటే బీరువా తీశాను. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఆయన బయటివారా ఏంటి?"

పెదనాన్న. అమ్మానాన్నా పోయాక ఇద్దర్నీ తెచ్చి పెంచిన మనిషి. సూదిలో దారం ఎక్కించడం నుంచి పాత పూసను పోల్చుకోవడం దాకా ఆమెకు నేర్పిన మనిషి. ప్రతి ఆదివారం ఆమెను భుజాన వేసుకుని సంతకు వెళ్లేవాడు. దండలు కొనేవాడు కాదు. ఎక్కడో ఒక మూల ఒంటిగా దొర్లుతున్న ఎర్రపూస ఒక్కటి ఏరుకునేవాడు. "ఒక్కటేం చేసుకుంటావు పెదనాన్నా?" అని అడిగితే, "ఒక్కటీ ఒక్కటీ కలిస్తేనే కదటే దండ," అనేవాడు. ఆ దండ ఆమె ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడు చూస్తోంది.

ఆఫీసరు మేడం ఫోన్ చెవికి పెట్టుకుంది. తమ్ముడు పెన్ను మూత తీశాడు. నోరు విప్పితే పెంచిన చెయ్యి. విప్పకపోతే తోడబుట్టినవాడు. పూసలక్క వంగి, సంచిలో చెయ్యి పెట్టి, సంతలో కొన్న హారాన్ని తెల్లగుడ్డ మీద పెట్టింది.

మేడం ఫోన్ చెవి మీంచి దిగింది. "ఇది... ఇది మీ సంచిలోకి ఎలా వచ్చింది?"

"అంతా చెప్తాను మేడం. మా తమ్ముడికి ఏ పాపం తెలియదు. నాకు ఒక్క ఫోన్ చేసుకోనివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం."

మేడం తలుపుకు అడ్డంగా వచ్చి నిలబడింది. "ఇక్కడే చెయ్యండి. స్పీకర్ పెట్టి."

రెండు రింగులకే అవతల గొంతు పలికింది. "ఏమ్మా?"

"పెదనాన్నా, స్టోర్‌రూంలో ఉన్నాను. బల్ల మీద రెండు హారాలున్నాయి. తమ్ముడి ముందు కాగితం పెట్టారు. పోలీసుల్ని పిలుస్తున్నారు."

అటువైపు కుర్చీ జరిపిన చప్పుడయింది.

"వాణ్ణి ఒక్క అక్షరం రాయొద్దను," అన్నాడాయన. "వస్తున్నా."

రెండు వీధుల అవతలే ఇల్లు. పెదనాన్నకు పావుగంట పట్టింది. చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నాడు. కుర్చీ చూపిస్తే వద్దన్నాడు. బల్ల అంచు పట్టుకుని రెండు హారాలనూ చూసి, తమ్ముడి చేతిలోంచి పెన్ను తీసేసుకున్నాడు.

"నేనే మార్చానమ్మా. బుధవారం మధ్యాహ్నం, వీడు చేతులు కడుక్కోడానికి వెళ్లినప్పుడు. క్యారియర్ అడుగుగిన్నెలో పెట్టి తెచ్చాను, అందులోనే తీసుకుపోయాను. వీడికి తెలియదు. ఈ పిల్లకూ తెలియదు. దాని దారం ఉండ నుంచి మూడు మూరలు అడక్కుండా తీసుకున్నా, అదొక్కటే దానికి సంబంధం.

మీరు ఫొటో తీయించుకున్నది నా చేతిపని. ముప్ఫై ఎనిమిదేళ్లయింది. అప్పట్లో పెద్ద నిపుణుడొకాయన నలుగురిలో నన్ను పట్టుకుని, 'దండలు గుచ్చుకునేవాడివి, పాతేదో కొత్తేదో నీకేం తెలుస్తుందోయ్' అన్నాడు. ఒళ్లు మండింది. కొత్త రాయి కోసి, రెండు వైపుల నుంచీ తొలిచి, తోలుసంచిలో ఇసుక పోసి నెలలపాటు దొర్లించాను. అంచులు ఒకదానితో ఒకటి అరగదీశాను. తీసుకెళ్లి ఆయన ముందే పెట్టాను. నాలుగు వందల ఏళ్ల నాటిదని సంతకం పెట్టి రాసిచ్చాడు. పకపకా నవ్వి అసలు సంగతి చెప్పేద్దామనే వెళ్లాను. ఈలోపు పక్కనున్న పెద్దమనిషి ముచ్చటపడి డబ్బు నా చేతిలో పెట్టేశాడు. చెయ్యి మూసుకుంది, నోరు పెగల్లేదు. అంతే. అవసరం కాదమ్మా, పొగరు. పిల్లల్ని పెంచాల్సొచ్చిందని వంక చెప్పను.

ఆ మరుసటి ఆదివారం నుంచీ సంతకు తిరుగుతున్నా. అసలు పూసలు ఒక్కొక్కటే. ఒక్కో ఏడాది ఒక్కటి కూడా దొరికేది కాదు. అన్నీ కుదిరాక ఆ కొన్నాయన ఇంటికెళ్లి మార్చాలనుకున్నా. ఈలోపు ఆయన పోయాడు, వాళ్లవాళ్లు మంచిమనసుతో మీకిచ్చేశారు. బాగుచేయమని అది తిరిగి తిరిగి నా బిడ్డ బల్ల మీదికే వచ్చింది. పాతదేనని మీ కాగితాల మీద ఈ పిల్లే సంతకం పెట్టింది. పెట్టకేం చేస్తుంది? ఎలా పోల్చాలో దానికి నేర్పింది నేను, ఆ పరీక్షలకు నిలిచేలా చేసిందీ నేనే. మైక్రోస్కోపు వస్తోందని వీడు చెప్పిన రోజు నుంచీ నాకు నిద్ర లేదు.

పగలగొట్టి పారెయ్యాల్సింది, చెయ్యి రాలేదు. రేకు డబ్బాలో దాచాను. వీళ్ల పెద్దమ్మ ఇల్లు సర్దుతూ బండికి వేసిందని నిన్న సాయంత్రం తెలిసింది.

ఆ నడిమి పూస గీత తేడా నాకూ తెలుసమ్మా. ఎడమ నుంచి వాలిన గీత ఉన్న పూస ఎంత తిరిగినా దొరకలేదు. ఇంకో నాలుగు వారాలు వెతికేవాణ్ణే. కానీ బీరువా తలుపు తెరిచి దొరికింది ఆ బుధవారం ఒక్కరోజే. ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి. ముందు ఏం రాయాలి?"