యాభై నాలుగు అడుగుల బావి

“ఒక బావి త్రవ్వువారు మొదటి దినమున పది అడుగులు త్రవ్విరి” అని నల్లబల్ల మీద రాసి లేవి మాస్టరు ఆగాడు. చేతిలోని సుద్దను మధ్యకు విరిచి, పొట్టి ముక్కతో మిగతాది రాశాడు. పొడుగు సుద్ద కీచుమంటుంది, విరిచిన ముక్క కీచుమనదు. “తరువాత ప్రతి దినము ముందటి దినముకంటె ఒక అడుగు తక్కువగా త్రవ్విరి. యాభై నాలుగు అడుగుల లోతునకు ఎన్ని దినములు పట్టును?”

పొడుగాటి మనిషి, కాస్త ముందుకు వంగి నడుస్తాడు. మెడదాకా గుండీలు పెట్టుకునే నల్లకోటు భుజాల దగ్గర ఆకుపచ్చకు తిరిగింది. కుడిచెయ్యి అంచుకు ఎప్పుడూ సుద్దపొడి. కర్నూలు రాజధాని అయిన రెండో ఏడు అది. పత్తికొండలో మాఘం పోకముందే ఎండలు ముదిరాయి. పెద్ద పరీక్షలు దగ్గరపడ్డాయని ఆయన శ్రేఢుల పాఠం మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

పొద్దున్నే హెడ్మాస్టరు నారాయణ వరండాలో ఆపి, “ఈ పూట ఇంటికాడ ఉండండి మాస్టరూ. మీ క్లాసు నేను చూసుకుంటా” అన్నాడు.

“పరీక్షలు సార్” అని లేవి లోపలికి వచ్చేశాడు.

మధ్యాహ్నం గుత్తి బస్సులో ఆయన భార్య రాహేలమ్మ వెళ్లిపోతోంది. గుత్తిలో రైలెక్కి మదనపల్లె దగ్గరి క్షయ ఆసుపత్రికి. రెండు ఊపిరితిత్తులూ చెడిపోయాయని డాక్టరు చెప్పాడు. తీసుకుపోవడానికి ఆమె తమ్ముడు జ్ఞానరాజు నిన్ననే వచ్చాడు. అక్కడికి పోయి తిరిగి వచ్చినవాళ్లను వాళ్ల వీధిలో ఎవరూ చూసి ఎరుగరు. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. లేవి ముఖం కడుక్కుని, కోటు తొడుక్కుని, బడికి వచ్చాడు.

ఆయనకు అది కొత్త కాదు. ఇద్దరు బిడ్డలు పుట్టి పోయినప్పుడు కూడా మరునాడు బడికే వచ్చాడు. లేవి మాస్టరు గుండె రాయి అన్నారు జనం. రాయో కాదో ఆయనకే తెలియదు. కోవెలకుంట్ల దగ్గర పల్లెలో కూలిచేసే ఇంట పుట్టి, చర్చి బడిలో అక్షరాలు దిద్ది, ఆ కుటుంబంలో మొదటిసారి పరీక్ష ప్యాసైనవాడు. చిన్నప్పటినుంచీ అంకెలంటే నమ్మకం. పెట్టినచోట ఉంటాయి. పెళ్లయ్యాక సాయంత్రాలు గడపలో కూర్చుని లెక్కలు పైకి చదువుకుంటూ చేసేవాడు. రాహేలమ్మ పొయ్యి దగ్గర వినేది. బైబిలు తప్ప మరో పుస్తకం చదవలేని మనిషి, ఏం వింటుందో ఆయన ఎన్నడూ అనుకోలేదు.

“మొదటి పదం పది. పదాంతరం ఋణ ఒకటి. మొత్తం యాభై నాలుగు” అంటూ సూత్రం రాసి, సమీకరణం విప్పాడు. రెండు జవాబులు వచ్చాయి. తొమ్మిది, పన్నెండు.

“తొమ్మిది సరి. పన్నెండు అసంభవం. కొట్టేయండి.”

ఏటేటా ఆ మాట దగ్గర పిల్లల కలాలన్నీ ఒకేసారి గీకుతాయి. ఈ ఏడూ గీకాయి. గోడవార బల్లమీద హులిగెమ్మ లేచి నిలబడింది. ఆ క్లాసుకంతా ఒక్కతే ఆడపిల్ల.

“సార్, పన్నెండు యాల కొట్టేయల్ల?”

“పదో దినం ఒక అడుగు తవ్వినారు. పదకొండో దినం సున్న. పన్నెండో దినం ఋణ ఒకటి. ఋణ అడుగు ఎవరన్నా తవ్వుతారామ్మా?”

“తవ్వరు సార్. కూలిపోతాది.” పిల్ల గొంతు సర్దుకుంది. “పదో నాటికి యాభై ఐదు అడుగులైతాది గదా. పదకొండో నాడు బండ తగిలి ఊరికే కూసుంటారు. పన్నెండో నాడు గట్టు ఇరిగి అడుగు మన్ను లోపల పడతాది. మళ్లా యాభై నాలుగే. పోయినేడు మా చేన్లో అట్లే అయింది సార్.”

మగపిల్లలు నవ్వారు. లేవి నవ్వలేదు. నల్లబల్లవైపు తిరిగి పది, తొమ్మిది, ఎనిమిది అని వరసగా రాసుకుంటూ పోయాడు. ఒకటి, సున్న, ఋణ ఒకటి. కూడాడు. యాభై నాలుగు. ఇన్నేళ్లలో ఆ వరసను చివరిదాకా రాసి చూసింది లేదు. గంట కొట్టారు. ఆయన బల్లముందే నిలబడి ఉన్నాడు.

“పరీక్షలో తొమ్మిదే రాయండి” అన్నాడు చివరికి. “కానీ ఆ పాప చెప్పింది తప్పు కాదు.”

అప్పుడు గుర్తొచ్చింది బస్సు.

పంచె కుచ్చెళ్లు చేత్తో ఎత్తిపట్టుకుని ఎండలో పరుగెత్తాడు. బస్సు ముందు మూత తెరిచి డ్రైవరు నీళ్లు పోస్తున్నాడు. మెట్టుమీద నిలబడిన జ్ఞానరాజు, “వచ్చినావా బావా! ఇంగ రావేమో అనుకుంటి” అన్నాడు.

రాహేలమ్మ కిటికీ దగ్గర కూర్చుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్లు మాత్రం కనబడుతున్నాయి.

“పాఠం అయిపాయనా?”

“అయిపాయ.” లేవి కిటికీ కిందికి జరిగాడు. “ఒక పాప లెక్కలో అడ్డం తగిలింది. ఆ బావి లెక్క. గట్టు కూలిపోతాది, రెండో జవాబు కూడా సరే అంటాది.”

రాహేలమ్మ కొంగు కొంచెం దించింది. “నిజమే గదా. మా నాయన తవ్విన బావుల్లో గట్టు ఇరగనిది యాడుండాది? పడిన మన్నంతా నేనూ మాయమ్మా తట్టలతో ఎత్తి పోస్తాంటిమి. ఆ పని ఎవురూ లెక్కలో ఎయ్యలేదు.”

“నువ్వు నాకెప్పుడూ చెప్పలేదే?”

“నువ్వు యాడ అడిగితివయ్యా?”

తప్పు పట్టినట్టు లేదు ఆ గొంతు. నవ్వబోయింది, నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేదాకా కిటికీ కడ్డీ పట్టుకుంది. లేవి ఆ చేతి మీద చెయ్యి వేశాడు. వీధిలో, నలుగురిలో, ఆమెను తాకడం అదే మొదలు. తీసేసరికి ఆమె వేళ్లమీద సుద్దపొడి అంటుకుని ఉంది. ఆమె తుడుచుకోలేదు.

“ఎండలో నిలబడాకు. పో, బడికి పొద్దయితాది” అంది.

డ్రైవరు మూత దించాడు. బస్సు కదిలింది. దుమ్ము లేచి, సందు మలుపు దాకా నిలిచి, నెమ్మదిగా ఇళ్ల కప్పుల మీద దిగింది. ఆ వేసవి దాటకుండానే రాహేలమ్మ ఆ ఆసుపత్రిలో పోయింది. ఆనాడు లేవికి తెలిసినదల్లా మధ్యాహ్నం తొమ్మిదో తరగతికి క్షేత్రగణితం ఉందని. వెళ్లాడు. త్రిభుజాలు గీశాడు. ఒక పిల్లవాడు కోణం తప్పు కొలిస్తే చెయ్యిపట్టి దిద్దించాడు. గొంతు మామూలుగానే ఉంది.

సాయంత్రం తలుపు తీసి కోటు మేకుకు తగిలించాడు. మంచం మీద దుప్పటి మడిచి ఉంది. జబ్బు తేలినప్పటినుంచీ ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, ఆయనే గంజి కాచేవాడు. అలాంటిది పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది. పక్కన బోర్లించిన కంచు గిన్నె. ఎత్తి చూశాడు. సత్తు పళ్లెంలో రాగి సంగటి ముద్ద, అంచున చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. ఆయన గిన్నె చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ముద్దమీద, నీళ్లతో తడుపుకుని ఒత్తిన ఆమె వేళ్ల జాడలు పక్కపక్కనే ఉన్నాయి, అంచులు ఆరి సన్నగా చిట్లుతూ.